పిల్లలకు ఊబకాయం రాకుండా ఇంట్లో పెద్దలు ఏం చేయాలి?

ఎనిమిదేళ్ల పిల్లవాడు కిరాణా సరుకుల చీటీ రాయడు. కూరలో నూనె ఎంత పోయాలో, రాత్రి భోజనం ఎన్నింటికో, సాయంత్రం ట్యూషనో ఆటో వాడు తేల్చడు. అన్నీ పెద్దవాళ్లు తేల్చి, తీరా వాడు బరువు పెరిగాక "వీడికి నోటి మీద అదుపు లేదు" అంటారు. కింద చెప్పే పనులన్నీ పెద్దల మీదే పెట్టడానికి కారణం ఇదే. పిల్లల చేత డైటింగ్ చేయించే మాట ఇందులో ఎక్కడా లేదు.

ఇది డబ్బున్న ఇళ్ల సమస్య అని వదిలేసే రోజులు పోయాయి. ప్రపంచవ్యాప్తంగా 5 నుంచి 19 ఏళ్ల వాళ్లలో బరువు తక్కువగా ఉన్నవాళ్లు 9.2 శాతమైతే, ఊబకాయం ఉన్నవాళ్లు 9.4 శాతానికి చేరారని 2025 సెప్టెంబరులో యునిసెఫ్ చెప్పింది. మన దేశంలో ఐదేళ్లలోపు పిల్లల్లో అధిక బరువు 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 2.1 శాతం, 2019–21 సర్వేలో 3.4 శాతం. అంకెలు చిన్నవే, కానీ పెరిగిన వేగం చిన్నది కాదు.

1. కంటితో అంచనా వేయకండి, కొలవండి

మన కంటికి బొద్దుగా ఉన్న పిల్ల ఆరోగ్యంగా, సన్నగా ఉన్న పిల్ల నీరసంగా కనిపిస్తుంది. ఆ కన్ను నమ్మకూడదు. మూడు నెలలకోసారి చెప్పులు తీయించి గోడకు నిలబెట్టి ఎత్తు, అదే రోజు బరువు రాసిపెట్టుకోండి. బరువును కిలోల్లో, ఎత్తును మీటర్లలో తీసుకుని, బరువును ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువుందో లేదో చెప్పే అంకె, వస్తుంది.

ఇక్కడే చాలామంది పొరబడతారు. 130 సెంటీమీటర్ల ఎత్తు, 32 కిలోల బరువున్న ఎనిమిదేళ్ల బాబుకు బీఎంఐ దాదాపు 18.9 వస్తుంది. పెద్దవాళ్ల లెక్కలో అది సన్నగా ఉన్నట్టే. కానీ పిల్లలకు ఆ లెక్క పనికిరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టిక ప్రకారం ఎనిమిదేళ్ల అబ్బాయికి 17.4 దాటితే అధిక బరువు, 19.7 దాటితే ఊబకాయం. ఈ హద్దు వయసుతో పాటు మారుతుంది, అమ్మాయిలకు వేరుగా ఉంటుంది. అందుకని ఫోన్లో పెద్దవాళ్ల బీఎంఐ కాలిక్యులేటర్ చూసి నిశ్చింతగా ఉండకండి. భారత శిశువైద్యుల సంఘం 2015లో మన పిల్లల కోసం తయారుచేసిన ఎదుగుదల గీతల పట్టికలు పిల్లల డాక్టర్ల దగ్గర ఉంటాయి. టీకాకో జ్వరానికో వెళ్లినప్పుడు "మా పాప ఏ గీత మీద ఉంది?" అని అడగండి. ఒక్కసారి ఎక్కడ ఉందన్నదాని కన్నా, ఆరు నెలల్లో కింది గీత నుంచి పై గీతకు ఎగబాకిందా అన్నది ముఖ్యం.

పట్టిక అందుబాటులో లేకపోతే టేపు చాలు. ఆరేళ్లు దాటిన పిల్లల్లో నడుము చుట్టుకొలత ఎత్తులో సగం దాటకూడదు. 130 సెంటీమీటర్ల బాబుకు 65 లోపే ఉండాలి.

ఇంకో సంగతి. ఏడాది దాటాక పిల్లలు సహజంగానే సన్నబడుతూ వస్తారు. సుమారు ఐదారేళ్లకు అందరికన్నా బక్కగా ఉండి, ఆ తర్వాత మళ్లీ కండ, కొవ్వు పట్టడం మొదలవుతుంది. నాలుగేళ్ల వాడికి పక్కటెముకలు లీలగా కనబడటం చాలాసార్లు మామూలు ఎదుగుదలే. సరిగ్గా అప్పుడే ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. పాలల్లో పొడి, అన్నంలో నెయ్యి, టానిక్కు, ఇంకో నాలుగు ముద్దలు. ఆ సన్నబడే దశ ముగియాల్సిన దానికన్నా ముందే ముగిసి, ఐదేళ్లలోపే బరువు పుంజుకున్న పిల్లలకు తర్వాత ఊబకాయం వచ్చే అవకాశం ఎక్కువ. ఎత్తు ఏటా ఐదారు సెంటీమీటర్లు, బరువు రెండు మూడు కిలోలు పెరుగుతూ, బిడ్డ హుషారుగా ఆడుతుంటే వాణ్ని వదిలేయండి. నా ఉద్దేశంలో ఈ గైడ్ మొత్తంలో తల్లిదండ్రులకు కష్టమైన పని ఇదే, ఏమీ చేయకుండా ఉండటం.

2. పళ్లెం దగ్గర కాదు, దుకాణం దగ్గర ఆపండి

ఇంట్లో మిక్చర్ డబ్బా పెట్టి "ముట్టుకోవద్దు" అంటే రోజూ గొడవే. డబ్బా లేకపోతే గొడవ లేదు. పిల్లల పోషణ గురించి పనికొచ్చే సూత్రం ఒకటుంది. ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి అన్నది పెద్దల పని. అందులో ఎంత తినాలి అన్నది పిల్లల పని. మన ఇళ్లలో సాధారణంగా దీనికి తిరగేసి జరుగుతుంది. ఏం కావాలో పిల్లలు చెబుతారు, ఎంత తినాలో మనం కుక్కుతాం.

ఈ నెల సరుకుల బిల్లు తీసి మూడు గుర్తులు పెట్టండి. మొదటిది నూనె. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో రోజుకు 2000 కేలరీలు తినే పెద్ద మనిషికి నూనె, నెయ్యి కలిపి 27 గ్రాములు చాలని లెక్క. నలుగురున్న ఇంటికి నెలకు మూడున్నర లీటర్లు దాటకూడదన్నమాట, పిల్లలుంటే ఇంకా తక్కువే. మీ ఇంట్లో ఐదు లీటర్ల డబ్బా నెల తిరక్కుండా ఖాళీ అవుతుంటే, లోపం ఎక్కడుందో వెతకాల్సిన పని లేదు. వేపుడు వారంలో రెండు రోజులకు తగ్గించి, మిగతా రోజులు పులుసు, ఇగురు, పప్పుకూర చేస్తే నూనె దానంతటదే తగ్గుతుంది.

రెండోది చక్కెర, బెల్లం. బెల్లం మంచిదని రెట్టింపు వేసేవాళ్లున్నారు. బరువు విషయంలో రెండింటికీ పెద్ద తేడా లేదు.

మూడోది ప్యాకెట్లు: బిస్కెట్లు, చిప్స్, నూడుల్స్, కేకులు. ఒక్కసారిగా అన్నీ ఆపేస్తే ఇంట్లో తిరుగుబాటు వస్తుంది కాబట్టి, నెలకు సరిపడా ఒకేసారి కొనే బదులు వారానికి ఒకటి చొప్పున కొనండి. ప్యాకెట్ వెనక చూసేటప్పుడు రెండు చోట్ల చూస్తే చాలు. పదార్థాల జాబితాలో ఏది ఎక్కువుంటే అది ముందు రాస్తారు. మొదటి మూడింట్లో మైదా, చక్కెర, పామాయిల్ ఉంటే ముందువైపు "మల్టీగ్రెయిన్" అని ఎంత పెద్ద అక్షరాలతో రాసినా లాభం లేదు. రెండోది, కేలరీలు "ఒక సర్వింగ్‌కు" అని రాసి, ఆ సర్వింగ్ మూడు బిస్కెట్లే అని పక్కన చిన్నగా రాసి ఉంటుంది. మూడు బిస్కెట్లతో ఆపే పిల్లవాడిని నేనింకా చూడలేదు.

3. గ్లాసులో ఏముందో చూడండి

తినేదాని కన్నా తాగేది మోసం చేస్తుంది, ఎందుకంటే కడుపు నిండినట్టు అనిపించదు. కూల్‌డ్రింకుల్లో 100 మిల్లీలీటర్లకు సుమారు 10 గ్రాముల చక్కెర ఉంటుంది. పిల్లలకు ఒక రోజు మొత్తానికి, పైనుంచి కలిపిన చక్కెర 25 గ్రాములు దాటకూడదని, రెండేళ్లలోపు వాళ్లకు అసలే వద్దని పిల్లల వైద్యులు అంటారు. అంటే పావు లీటరు సీసాతో ఆ రోజు కోటా అయిపోయింది. మామిడి రసం పేరుతో అమ్మే ప్యాకెట్ డ్రింకులు కొన్ని ఇంతకన్నా ఎక్కువ తీపి.

పాలల్లో కలిపే మాల్ట్ పొడుల సంగతీ ఇంతే. 100 గ్రాముల పొడిలో 30 గ్రాములకు పైగా చక్కెర ఉన్న డబ్బాలున్నాయి. దానిపైన మనం ఇంకో చెంచా వేస్తాం. 2024 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి పానీయాలను "హెల్త్ డ్రింక్" వర్గం నుంచి తీసేయమని ఆన్‌లైన్ అమ్మకం సంస్థలకు చెప్పింది, ఎందుకంటే మన ఆహార చట్టంలో ఆ పేరుతో ఒక వర్గమే లేదు. పొడి మానిపించాలంటే వారం వారం చెంచాలో పావు వంతు తగ్గించుకుంటూ రండి. నాలుక అలవాటు పడుతుంది. దాహానికి నీళ్లు, ఎండాకాలంలో పలచటి మజ్జిగ, కొబ్బరినీళ్లు. పండు రసం తీయకండి, కోసి ముక్కలుగా పెట్టండి.

4. సాయంత్రం నాలుగున్నరకు వేసే ఆకలికి ముందే సిద్ధంగా ఉండండి

చాలా ఇళ్లలో బరువు పెరిగేది మధ్యాహ్న భోజనంతో కాదు, బడి నుంచి వచ్చాక. పదకొండున్నరకో పన్నెండున్నరకో తిన్న డబ్బా ఎప్పుడో అరిగిపోయి ఉంటుంది. బ్యాగు విసిరేసి వంటింట్లోకి వస్తారు. ఆ క్షణంలో చేతికి ఏది అందితే అదే తింటారు. బిస్కెట్ ప్యాకెట్ అందితే అది, లేదంటే వీధి చివరి బేకరీలో ఎగ్ పఫ్, బండి మీద పునుగులు. ఇది తిండిపోతుతనం కాదు, నిజమైన ఆకలి.

కాబట్టి వాళ్లు రాకముందే ఏదో ఒకటి బల్ల మీద ఉండాలి. ఉదయం నానబెట్టిన శనగలో అలసందలో మధ్యాహ్నం ఉడికించి, ఆవాలు, కరివేపాకు తాలింపు వేస్తే గుగ్గిళ్లు సిద్ధం. ఉడికించిన పల్లీలు, మొక్కజొన్న కంకి, గెణుసుగడ్డ, అటుకుల ఉప్మా, చిన్న పెసరట్టు, ఉడికించిన గుడ్డు, జామకాయ, దొరికే కాలంలో తేగలు, సీతాఫలం, రేగుపళ్లు. ఇవన్నీ మన సంతలో దొరికేవే, ఏవీ ఖరీదైనవి కావు. ఇద్దరూ ఉద్యోగం చేసే ఇంట్లో ఆ సమయానికి ఎవరూ ఉండరు. అలాంటప్పుడు ఉదయమే పండు, వేయించిన పల్లీలు ఒక గిన్నెలో పెట్టి, అది పిల్లల కంటి ఎత్తులో ఉంచండి. జంతికల డబ్బా అటక మీద ఉంటే చాలు, పారేయనక్కర్లేదు.

సాయంత్రం ఇలా కడుపుకు ఏదైనా పడితే రాత్రి ఎనిమిదికల్లా భోజనం సాఫీగా జరుగుతుంది. ఐదుకు చిప్స్ తిన్నవాడు ఎనిమిదికి ఆకలి లేదంటాడు, పదికి నూడుల్స్ కావాలంటాడు.

5. అన్నం మానిపించకండి, పళ్లెం సర్దండి

అన్నం శత్రువు కాదు. పళ్లెం నిండా అన్నం పెట్టి, అంచున రెండు చెంచాల కూర వేయడమే సమస్య. ముందు కూర, ఆకుకూర పప్పు పళ్లెంలో సగానికి వడ్డించి, ఆ తర్వాత అన్నం పెట్టండి. బంగాళదుంప వేపుడును కూర కింద లెక్కేయకండి, అది కూడా అన్నం లాంటిదే. గుడ్డు, పప్పు, చేప, చికెన్, పెరుగు వీటిలో ఏదో ఒకటి ప్రతి పూటా ఉంటే కడుపు నిండుగా ఉంటుంది. ఆదివారం బిర్యానీ తినండి, దాంతో పాటు కూల్‌డ్రింకు మాత్రం తెప్పించకండి.

కొత్త కూర మొదటిసారి ఉమ్మేస్తారు. ఎనిమిది, పది సార్లు కంటికి కనిపించాక గానీ పిల్లలు కొన్నింటిని నోట పెట్టుకోరు. బతిమాలకుండా, తిట్టకుండా ప్రతిసారీ ఒక చెంచా పళ్లెంలో పెట్టి ఊరుకోండి. మీరు తినకుండా వాళ్లను కాకరకాయ తినమంటే మాత్రం ఎవరూ వినరు.

"పళ్లెం ఖాళీ చేస్తేనే లేవాలి" అనే నియమం తీసేయండి. అన్నం పారేయకూడదన్న మన సంస్కారం మంచిదే, దానికి మార్గం తక్కువ వడ్డించి అడిగితే మళ్లీ పెట్టడం.

6. తినేటప్పుడు ఫోన్ వద్దు

యూట్యూబ్ చూపిస్తూ తినిపిస్తే పదిహేను నిమిషాల్లో గిన్నె ఖాళీ. తల్లికి ఆ రోజుకు విజయమే. కానీ కడుపు నిండిందన్న సంగతి పిల్లకు తెలియదు, తెలిసినా నోరు తెరుస్తూనే ఉంటుంది. ఇలా రెండేళ్లు గడిస్తే ఆకలి, నిండుదనం గుర్తించే అలవాటే తప్పిపోతుంది. ఫోన్ ఆపేసిన మొదటి నాలుగైదు రోజులు ఏడుస్తారు, సగమే తింటారు. తిననివ్వండి, తర్వాతి పూటకు ఆకలి వేస్తుంది. ఇది పెద్దలకూ వర్తిస్తుంది. నాన్న టీవీ ముందు పళ్లెం పట్టుకుని కూర్చుంటే ఈ నియమం రెండు రోజులు కూడా నిలవదు.

రోజు మొత్తం మీద చూస్తే, రెండేళ్లలోపు వాళ్లకు స్క్రీన్ వద్దు, రెండు నుంచి ఐదేళ్ల వాళ్లకు గంట లోపు అని భారత శిశువైద్యుల సంఘం చెబుతోంది.

7. తాతయ్య, నాన్నమ్మలతో ముందే మాట్లాడుకోండి

నాన్నమ్మకు మనవడి మీద ఉన్న ప్రేమ తిండి రూపంలోనే బయటికి వస్తుంది. కరువు, లేమి చూసిన తరం అది. "చిక్కిపోయాడు, దిష్టి తగిలింది" అన్న మాటలో ఆ భయం ఉంది. అందుకని "మీ వల్లే వాడు లావయ్యాడు" అంటే పని జరగదు, ఇల్లు మాత్రం రెండు ముక్కలవుతుంది. పిల్లల ముందు కాకుండా, విడిగా, ఆమె చేయగల పని ఒకటి అప్పగించండి. "అత్తయ్యా, సాయంత్రం గుగ్గిళ్లు మీరు చేస్తే వాడు బాగా తింటాడు, నేను చేస్తే ముట్టడు. బిస్కెట్లు మాత్రం పెట్టకండి, డాక్టరు గారు వద్దన్నారు." డాక్టరు మీదికి తోసేయడం తప్పేమీ కాదు. తాతయ్యకు సాయంత్రం పార్కుకు తీసుకెళ్లే పని ఇవ్వండి. చాక్లెట్ కొనివ్వడం ఆయనకు అంత ఇష్టమైతే ఆదివారం ఒక్కటి అని మాట తీసుకోండి.

సున్నుండలు, అరిసెలు, జంతికలు పండక్కి చేసుకోవాలి, తినాలి. పండగ సరుకు సంక్రాంతి దాటి శివరాత్రి దాకా డబ్బాల్లో ఉండటమే ఇబ్బంది. సగం చేయండి, లేదా చుట్టాలకు పంచేయండి.

8. రోజుకు గంట ఆట, పరీక్షలున్నా సరే

5 నుంచి 17 ఏళ్ల వాళ్లు రోజుకు కనీసం 60 నిమిషాలు ఒళ్లు వేడెక్కేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఒకేసారి కాకపోయినా, ఇరవై నిమిషాల చొప్పున మూడుసార్లయినా ఫర్వాలేదు. మన దగ్గర మైదానం లేని బడులు, రాత్రి దాకా స్టడీ అవర్లు, దానిపైన ఐఐటీ ఫౌండేషన్ క్లాసులు. ఆరో తరగతి పిల్లవాడికి ఇవన్నీ అవసరమా అని తల్లిదండ్రులు ఒకసారి గట్టిగా ఆలోచించుకోవాలి. బడిలో చేర్చేటప్పుడు ర్యాంకుల బోర్డు చూసినట్టే మైదానం చూడండి. వారానికి ఎన్ని ఆటల పీరియడ్లు, అవి నిజంగా జరుగుతాయా, లెక్కల సారు లాక్కుంటారా అని అడగండి.

ఇంటి దగ్గర కోచింగే అక్కర్లేదు. సైకిలు, తాడాట, తొక్కుడుబిళ్ల, కబడ్డీ, సెల్లార్లో క్రికెట్ అన్నీ లెక్కలోకి వస్తాయి. మే నెలలో అయితే ఉదయం ఏడున్నర లోపు, సాయంత్రం ఐదున్నర తర్వాత. పిల్లవాడు ఒంటరిగా దిగడు కాబట్టి అపార్ట్‌మెంట్‌లో మరో ఇద్దరు తల్లులతో మాట్లాడి ఒకే సమయం పెట్టుకోండి.

ఆడపిల్లల గురించి విడిగా చెప్పాలి. పెద్దమనిషి అయ్యాక ఆట మాన్పించే ఇళ్లు ఇప్పటికీ చాలా ఉన్నాయి. చిమ్మిలి, నెయ్యి, మినప సున్ని పెట్టి కూర్చోబెట్టే రోజులు ముగిశాక కూడా ఆ పిల్ల మళ్లీ సైకిలెక్కదు. శరీరంలో కొవ్వు సహజంగా పెరిగే వయసు అదే. ఆమెకు కదలిక అవసరమయ్యేదీ అప్పుడే.

9. నిద్ర

ఆరు నుంచి పన్నెండేళ్ల వాళ్లకు 9 నుంచి 12 గంటలు, ఆపైన పద్దెనిమిది దాకా 8 నుంచి 10 గంటలు నిద్ర కావాలి. నిద్ర చాలని పిల్లలకు మర్నాడు ఆకలి ఎక్కువ, అందులోనూ తీపి మీదికి మనసు పోతుంది. బడి బస్సు ఆరున్నరకు వస్తే రాత్రి తొమ్మిదికల్లా లైటు ఆర్పాల్సిందే. అందరి ఫోన్లూ హాల్లోనే చార్జింగ్ పెట్టండి.

10. బడి, పుట్టినరోజులు

కొవ్వు, చక్కెర, ఉప్పు ఎక్కువున్న తిండిని బడి ఆవరణలోనూ, గేటు నుంచి 50 మీటర్ల లోపునా అమ్మకూడదని దేశ ఆహార భద్రత సంస్థ 2020 నిబంధనల్లో ఉంది. బడుల్లో చక్కెర గురించి తెలిపే బోర్డులు పెట్టమని 2025లో సీబీఎస్‌ఈ చెప్పింది. తల్లిదండ్రుల మీటింగులో మార్కుల సంగతి అయ్యాక ఈ రెండింటి గురించి అడగండి. ఒక్కరడిగితే నవ్వుతారు, పదిమంది అడిగితే క్యాంటీన్ మెనూ మారుతుంది. మీ పాప పుట్టినరోజుకు క్లాసులో చాక్లెట్ల బదులు పెన్సిళ్లు పంచండి. స్నేహితుల పార్టీలో మాత్రం కేకు తిననివ్వండి, అక్కడ అడ్డుపడితే దొంగచాటు తిండి అలవాటవుతుంది.

11. "లావు" అన్న మాట ఇంట్లో వాడకండి

బొండాం, గున్న ఏనుగు, గుమ్మడికాయ లాంటి ముద్దు పేర్లు ముద్దుగా ఉండవు. ఎగతాళి పడ్డ పిల్లలు తిండి తగ్గించరు, దాచుకుని తింటారు, ఆటకు రావడం మానేస్తారు. అక్కతో పోల్చకండి, చుట్టాల ముందు బరువు ప్రస్తావన తేకండి, వాళ్లు తెచ్చినా మీరే అడ్డుకోండి. మార్కులొస్తే పిజ్జా, అల్లరి చేస్తే ఐస్‌క్రీం కట్ అనే బేరాలూ వద్దు. మెచ్చుకోవాలంటే క్రికెట్ బ్యాట్ కొనివ్వండి, ఈతకు తీసుకెళ్లండి. మార్పు ఏదైనా ఇంటిల్లిపాదికీ ఒకటే ఉండాలి. తమ్ముడికి చిప్స్ పెట్టి అన్నకు కీరా ముక్కలు పెడితే, అది అన్నకు శిక్షలాగే అనిపిస్తుంది.

12. డాక్టర్ దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి

మెడ వెనక, చంకల్లో మట్టి పట్టినట్టు నల్లగా, మందంగా ఉండి, ఎంత రుద్దినా పోకపోతే అది మురికి కాదు, ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనే గుర్తు కావచ్చు. రాత్రి గట్టిగా గురక, నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం, మోకాళ్లు, తుంటి నొప్పి, అమ్మాయిల్లో నెలసరి క్రమం తప్పడం, ఎనిమిదేళ్లకు ముందే పెద్దమనిషి అయ్యే లక్షణాలు కనబడినా ఆలస్యం చేయకండి. "థైరాయిడ్ ఏమో" అని అందరూ అనుకుంటారు. హార్మోన్ల లోపం వల్ల బరువు పెరిగే పిల్లలు సాధారణంగా ఎత్తు పెరగరు. వయసుకు తగ్గ ఎత్తుండి బరువు ఎక్కువైతే కారణం చాలావరకు తిండి, కదలికే. పొట్టిగా ఉండి లావవుతుంటే మాత్రం పరీక్షలు తప్పనిసరి.

బరువు తగ్గించే పొడులు, టీలు, వాట్సాప్‌లో తిరిగే డైట్ చార్టులు పిల్లలకు వాడొద్దు. కాస్త ఎక్కువ బరువున్న పిల్లల్లో చాలామందికి కిలోలు తగ్గించాల్సిన పని కూడా ఉండదు. బరువు అక్కడే ఆగితే, పెరిగే ఎత్తు మిగతాది సర్దుతుంది. వెళ్లేటప్పుడు మీరు రాసుకున్న ఎత్తు, బరువు కొలతలు, మూడు రోజుల పాటు పిల్లవాడు తిన్నవీ తాగినవీ రాసిన కాగితం, ఇంట్లో షుగర్, బీపీ, థైరాయిడ్ ఎవరికున్నాయో ఆ వివరాలు తీసుకెళ్లండి.